నేలమీద ఎగిరే విమానం

అమెరికాలో, న్యూయార్కు రాష్ట్రంలో బింగ్‌హామ్టన్ అనే పట్టణం ఉన్నది. సుమారు వంద ఏళ్ళ కిందట అక్కడ లింక్ అనే ఆయనకు పియానోలూ, ఆర్గన్లూ తయారుచేసే కర్మాగారం ఒకటి ఉండేది. ఆ పియానోలలో ఒక విశేషం ఉన్నది. ఎవరూ వేలు ఆనించకుండానే అవి పాటలు వాయించేవి! పొడుగాటి కాగితం చుట్టకు వరసగా కన్నాలు పొడిచి పియానోలో పెట్టేవారు. చుట్ట తిరుగుతున్నకొద్దీ ఆ కన్నాలగుండా గాలి పోయి, లోపల ఉన్న చిన్న చిన్న తిత్తులను కదిలించేది. తిత్తులు పియానో మీటలను కదిలించేవి. పాట పలికేది.

ఆయన కొడుకు పేరు ఎడ్విన్ లింక్. అతను 1904లో పుట్టాడు. తిత్తులూ, గొట్టాలూ, కవాటాలూ అతనికి చిన్ననాటి ఆటవస్తువులు. కాని అతని మనసంతా విమానాల మీద ఉండేది.

1920లో అతను కాలిఫోర్నియాలో యాభై డాలర్లు ఇచ్చి విమానం నడపడంలో మొదటి పాఠం చెప్పించుకున్నాడు. ఆ రోజుల్లో యాభై డాలర్లంటే మాటలు కాదు. నేర్పేవాడు అతన్ని ఎక్కించుకుని, విమానాన్ని ఆకాశంలో మొగ్గలు వేయించి, గిరగిరా తిప్పి, ఇళ్ళ కప్పులకు తగిలేంత కిందికి పోనిచ్చి, గంట కాగానే దించేశాడు. పాఠం పూర్తి అయింది. లింక్ ఒక్కసారి కూడా విమానం పిడి ముట్టుకోలేదు!

ఇదేం చదువని లింక్ ఆలోచనలో పడ్డాడు. ఈత నేర్చేవాడికి ముందు మోకాటిలోతు నీళ్ళుంటాయి. సైకిలు నేర్చేవాడు పడితే మోచెయ్యి గీరుకుంటుంది. విమానం నేర్చేవాడు పడితే మళ్ళీ లేవడు. నేర్చుకునేవాడు ఎన్ని తప్పులు చేసినా ప్రాణం పోని విమానం ఒకటి ఉంటే ఎంత బాగుంటుంది!

అతను కర్మాగారం నేలమాళిగలో పని ప్రారంభించాడు. చిన్న చెక్క విమానం చేసి, దానికి పొట్టి రెక్కలూ తోకా పెట్టి, దాన్ని ఆర్గన్లలో వాడే తిత్తుల మీద నిలబెట్టాడు. లోపల కూర్చున్నవాడు పిడిని ముందుకు తోస్తే ముందు తిత్తిలోంచి గాలి పోయి ముక్కు వంగుతుంది. పక్కకు తోస్తే ఆ పక్కకు ఒరుగుతుంది. కాలికింది మీటలు తొక్కితే యంత్రమంతా గుండ్రంగా తిరుగుతుంది. 1929 నాటికి ఈ యంత్రం సిద్ధమయింది. అది నేలను వదలదు గాని, లోపలి వాడికి మాత్రం ఎగిరినట్టే ఉంటుంది.

లింక్ దాన్ని వైమానిక పాఠశాలలకు చూపించాడు. వాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. చివరకు దాన్ని వినోద ఉద్యానాలవాళ్ళు కొన్నారు. రంగులరాట్నం పక్కన పెట్టి, డబ్బు వేసినవాళ్ళను కాసేపు ఊపి దించేవాళ్ళు. అందరూ దాన్ని ఆటబొమ్మ అనుకున్నారు.

ఆ ఆటబొమ్మ విలువ లోకానికి ఎలా తెలిసిందో చెప్పాలంటే, ముందు మన చెవి చేసే ఒక మోసం సంగతి తెలుసుకోవాలి.

చెవితో మనం వినడమే కాదు, ఒళ్ళు ఎటు తిరుగుతున్నదో కూడా తెలుసుకుంటాం. లోపలి చెవిలో సగం కంకణాల వంటి మూడు సన్నని నాళాలున్నాయి. వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరగగానే నాళం తిరుగుతుంది, ద్రవం కాస్త వెనకబడుతుంది. ఆ తేడావల్ల మెదడుకు ‘తిరుగుతున్నాం’ అని కబురు పోతుంది. కాని ఒకే వేగంతో తిరుగుతూ ఉంటే ఇరవై సెకన్లలో ద్రవం కూడా నాళంతో సమానంగా తిరుగుతుంది. తేడా లేదు గనక కబురు కూడా ఉండదు.

ఇది మీరే పరీక్షించవచ్చు. గుండ్రంగా తిరిగే కుర్చీలో స్నేహితుణ్ణి కూర్చోబెట్టి, కళ్ళకు గంతలు కట్టి, చప్పుడు చెయ్యకుండా నెమ్మదిగా, ఒకే వేగంతో తిప్పండి. ఎటు తిరుగుతున్నదీ వేలితో చూపమనండి. కొంతసేపటికి, ఆగిపోయానంటాడు. అప్పుడు కుర్చీని నిజంగా ఆపెయ్యండి. వెంటనే ఎదురు దిక్కుకు తిరుగుతున్నానంటాడు! అతను అబద్ధమాడటం లేదు. చెవి చెప్పినదే చెబుతున్నాడు. (వాణ్ణి వెంటనే లేవనివ్వకండి, పడతాడు.)

మబ్బులో చిక్కుకున్న వైమానికుడికి కళ్ళకు గంతలు కట్టినట్టే. నేలా కనపడదు, ఆకాశమూ కనపడదు. విమానం మెల్లగా ఒక పక్కకు ఒరిగి తిరగడం ప్రారంభిస్తుంది. కాసేపటికి చెవి, తిన్నగా పోతున్నామంటుంది. ఎత్తు మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. ముక్కు వంగిందనుకుని అతను పిడిని వెనక్కు లాగుతాడు. ఒరిగి ఉన్న విమానం ముక్కు పైకి లేవదు, ఆ మలుపే మరింత బిగుసుకుంటుంది. విమానం సుడి తిరుగుతూ నేలకు వస్తుంది.

1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంవారు, మబ్బులో ఎగరడం నేర్వని 20 మందిని పరీక్షించారు. పక్కన నేర్పరి అయిన వైమానికుడు కూర్చుని, బయటి దృశ్యం కనపడకుండా చేశారు. ఇరవైమందీ విమానాన్ని అదుపు తప్పించారు. అందుకు పట్టిన కాలం సగటున 178 సెకన్లు. అంటే మూడు నిమిషాలు కూడా కాదు!

దీనికి మందు లేకపోలేదు. 1929 సెప్టెంబరు 24న జిమ్మీ డూలిటిల్ అనే అమెరికను వైమానికుడు, బయటికి ఏమీ కనపడకుండా తన స్థానానికి మూత వేయించుకుని, పరికరాలను మాత్రమే చూస్తూ విమానాన్ని లేపి, తిప్పి, మళ్ళీ దించాడు. ఆపదవస్తే ఆదుకోవడానికి ముందు స్థానంలో మరొక వైమానికుడు ఉన్నాడు గాని, అతను చెయ్యి వేయవలసిన అవసరం రాలేదు.

ఆ పరికరాలలో ముఖ్యమైనవి మూడు. ఎత్తు చూపేది ఒకటి. పైకి పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది; 18,000 అడుగుల ఎత్తున అది నేలమీద ఉన్నదాంట్లో సుమారు సగమే. పరికరంలో గాలి తీసేసి మూసిన పలచని రేకు డబ్బీ ఉంటుంది. బయటి ఒత్తిడి తగ్గినకొద్దీ అది ఉబ్బి ముల్లును తిప్పుతుంది. రెండవది వేగం చూపేది. విమానానికి బయట, గాలికి ఎదురుగా ఒక సన్నని గొట్టం ఉంటుంది. గాలి దానిలోకి ఎంత గట్టిగా తోసుకువస్తే వేగం అంత ఎక్కువ. ఇటువంటి గొట్టాన్ని మొదట 1732లో పీటో అనే ఫ్రెంచి ఇంజనీరు నది ప్రవాహాన్ని కొలవడానికి వాడాడు. అందుకే దాన్ని నేటికీ పీటో గొట్టం అంటారు. మూడవది కృత్రిమ క్షితిజం. దీనిలో బొంగరం ఒకటి మహావేగంగా తిరుగుతూ ఉంటుంది. తిరిగే బొంగరం పడనట్టే, విమానం ఎటు ఒరిగినా ఇది తన నిలువును వదలదు. దాన్నిబట్టి రెక్కలు సమంగా ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది.

కాని పరికరాలుంటే చాలదు. ‘ఎడమకు ఒరిగావు’ అని పరికరం చెబుతుంటే, ‘లేదు, తిన్నగా ఉన్నావు’ అని ఒళ్ళంతా ఘోషిస్తుంది. అప్పుడు ఒంటి మాట తోసేసి పరికరం మాట వినడం చాలా కష్టం. అది ఎంతో అభ్యాసం మీద గాని రాదు. ఆ అభ్యాసం ఆకాశంలో చేస్తే ప్రాణాపాయం. లింక్ తన యంత్రంలో ఈ పరికరాలన్నీ అమర్చాడు.

1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం విమానాల్లో ఉత్తరాలు చేరవేసే పనిని ప్రైవేటు కంపెనీలనుంచి తీసి సైన్యానికి అప్పగించింది. అది చలికాలం. మంచు, పొగమంచు, గాలివానలు. సైనిక వైమానికులు ధైర్యవంతులే గాని, చాలామందికి పరికరాలను నమ్మి ఎగరడం అలవాటు లేదు. కొద్ది వారాలలోనే ప్రమాదం మీద ప్రమాదం జరిగింది. వేసవి రాకముందే పదిమందికి పైగా చనిపోయారు.

అప్పుడు సైనికాధికారులకు లింక్ యంత్రం గుర్తుకు వచ్చింది. నెవార్క్ విమానాశ్రయానికి వచ్చి తమను కలుసుకోమని కబురు చేశారు. అనుకున్న రోజున విపరీతమైన పొగమంచు పట్టింది. ఇటువంటి వాతావరణంలో ఎవడూ రాలేడని అధికారులు వెళ్ళిపోబోతున్నారు. ఇంతలో పొగమంచులోంచి ఒక విమానం వచ్చి చక్కగా దిగింది. అందులోంచి లింక్ దిగాడు. అతను దారి పొడుగునా పరికరాలు చూసుకుంటూ వచ్చాడు!

ఇక వాదన అవసరం లేకపోయింది. ఆ జూన్‌లో సైన్యం ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు యంత్రాలు కొన్నది.

ఆ యంత్రానికి నీలం రంగు వేసేవారు గనక వైమానికులు దానికి ‘నీలిపెట్టె’ అని పేరు పెట్టారు. విద్యార్థి లోపల కూర్చుని మూత వేసుకుంటే, పరికరాలు తప్ప మరేమీ కనపడవు. బయట బల్లముందు గురువు ఉంటాడు. ఇద్దరూ టెలిఫోనులో మాట్లాడుకుంటారు. గురువు మీట తిప్పి గాలి విసరగలడు, విమానాన్ని కుదపగలడు. బల్లమీద పటం పరిచి ఉంటుంది. దానిమీద మూడు చక్రాల చిన్న బండి, ఎండ్రకాయలాగా పాకుతూ, విద్యార్థి పోయిన దారి సిరాతో గీస్తుంది. దారి తప్పి కొండకు కొట్టుకున్నవాడు మూత తీసుకుని బయటికి వచ్చి, తాను ఎక్కడ ‘చచ్చిపోయిందీ’ పటంలో చూసుకుని, మళ్ళీ ఎక్కేవాడు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఇటువంటి యంత్రాలు పదివేలకు పైగా తయారయినాయి. అయిదు లక్షలమందికి పైగా వైమానికులు వాటిలో అభ్యాసం చేశారు.

తిత్తులతో చేయగల పనికి ఒక హద్దు ఉన్నది. ఎన్నో రకాల విమానాలను ఒకే యంత్రం అనుకరించాలంటే, క్షణక్షణానికీ లెక్కలు కట్టగల బుర్ర కావాలి. 1944లో అమెరికా నౌకాదళం అటువంటి యంత్రం కోసం ఎం.ఐ.టి. విద్యాసంస్థను ఆశ్రయించింది. జే ఫారెస్టర్ అనే ఇంజనీరు ఆ పనికి పూనుకున్నాడు. ఏళ్ళు గడిచేసరికి విమానం సంగతి వెనకబడి, ‘వర్ల్‌విండ్’ అనే గొప్ప కంప్యూటరు తయారయింది. 1951లో అది పనిచేయసాగింది. జరుగుతున్నది జరుగుతూండగానే లెక్కకట్టి జవాబు చెప్పిన తొలి కంప్యూటర్లలో అది ఒకటి. విమానం నేర్పే యంత్రం కోసం వెతికితే కంప్యూటరు దొరికిందన్నమాట!

ఈనాడు పెద్ద విమానాల సిమ్యులేటర్లు ఆరు కాళ్ళమీద నిలబడి, కంప్యూటరు చెప్పినట్టు ఊగుతాయి. చిన్నవి ఇళ్ళలో బల్లలమీదికి కూడా వచ్చాయి. 1980లో ఆపిల్-2 కంప్యూటరు కోసం బ్రూస్ ఆర్ట్‌విక్ అనే ఆయన విమానపు ఆట రాశాడు. 1982లో ఐ.బి.ఎం. కంప్యూటర్లకు మైక్రోసాఫ్టు కంపెనీ అటువంటిదే విడుదల చేసింది. 2001లో రష్యావారు ‘ఇల్-2 స్టర్మోవిక్’ అనే యుద్ధ సిమ్యులేటరు తయారుచేశారు. ఇల్-2 అన్నది రెండవ ప్రపంచయుద్ధంలో సోవియట్ సేన వాడిన విమానం పేరు. ఈ ఆటలలో కంప్యూటరు రెక్కల ఎత్తుడుబలం, విమానం బరువు, ఇంజను తోపు, గాలి అడ్డు—ఈ నాలుగింటినీ సెకనుకు ఎన్నోమార్లు లెక్కకట్టి, ఆ లెక్క ప్రకారం తెరమీద బొమ్మ గీస్తూ ఉంటుంది.

మంచి యుద్ధ సిమ్యులేటరులో విమానం గుణాలే కాదు, దోషాలు కూడా ఉంటాయి. బ్రిటన్‌వారి స్పిట్‌ఫైర్ విమానంలో మొదట ఒక లోపం ఉండేది. శత్రువును తరుముతూ ముక్కును ఒక్కసారిగా కిందికి వంచితే, ఇంజను దగ్గి ఆగేది. అలా వంచినప్పుడు పెట్రోలు పైకి ఎగిరి, ఇంజనుకు ముందు పెట్రోలు అందకపోయేది, వెంటనే మోతాదు మించి వచ్చిపడేది. జర్మనుల విమానంలో పెట్రోలును సిలిండర్లలోకి నేరుగా చిమ్మే ఏర్పాటు ఉన్నది గనక, వాళ్ళు అలాగే దూకి తప్పించుకునేవాళ్ళు. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు, నడుమ సరిగ్గా తగినంత కన్నం గల చిన్న లోహపు బిళ్ళను పెట్రోలు దారిలో పెట్టించింది. ఇంజను పూర్తి బలంతో నడవడానికి కావలసినంత పెట్రోలే ఆ కన్నంలో పడుతుంది, అంతకు మించి రాదు. అంత చిన్న బిళ్ళ ఎందరో వైమానికుల ప్రాణాలు కాపాడింది.

సిమ్యులేటరులో పాత స్పిట్‌ఫైర్ నడిపే కుర్రవాడు ముక్కు వంచగానే ఇంజను దగ్గుతుంది. ‘కంప్యూటరు పాడయింది!’ అని వాడు గోలపెడతాడు. నిజానికి ఏదీ పాడు కాలేదు. విమానం ఎలా ఉండాలో అలాగే ఉన్నది. అందుచేత తప్పు వెతికేవాడు ముందు, ‘ఇది తప్పేనా?’ అని అడగాలి.

ఒక్కొక్కప్పుడు నిజంగానే తప్పు ఉంటుంది. ఒళ్ళు అబద్ధం చెప్పినట్టే, పరికరమూ అబద్ధం చెప్పవచ్చు. 2009 జూన్ 1న రియో డి జనీరో నుంచి పారిస్ పోతున్న విమానానికి, అట్లాంటిక్ సముద్రం పైన, పీటో గొట్టాలలో మంచు పలుకులు అడ్డుపడ్డాయి. వేగం చూపే పరికరాలు తప్పు చెప్పాయి. అలా జరిగింది ఒక నిమిషంలోపే. మిగిలిన పరికరాలు బాగానే ఉన్నాయి. కాని ఆ గందరగోళంలో ముక్కును మరీ పైకి లేపేశారు. రెక్కలు విమానాన్ని మోయలేకపోయాయి. 228 మంది చనిపోయారు. వేగం తెలియనప్పుడు ముక్కును సరైన కోణంలో, ఇంజన్లను సరైన బలంలో ఉంచితే విమానం క్షేమంగా సాగుతుంది. వైమానికులకు ఇటువంటి ఆపదలలో మరింత అభ్యాసం కావాలని దర్యాప్తు చేసినవారు చెప్పారు. ఆ అభ్యాసానికి తగిన చోటు సిమ్యులేటరే.

ఇందువల్ల వైమానికులు ఏ ఒక్క పరికరాన్నీ గుడ్డిగా నమ్మరు. ఒకదాని సాక్ష్యాన్ని ఇంకొకదానితో పోల్చి చూస్తారు. ఎత్తు తగ్గిపోతూ, వేగం పెరుగుతూ ఉన్నదా? అయితే ముక్కు వంగి ఉండాలి. క్షితిజం అలా చూపకపోతే, మూడింటిలో ఏదో అబద్ధమాడుతున్నది.

మీ బల్లమీది విమానానికి కూడా ఈ పద్ధతే పనికివస్తుంది. పిడి వదిలేసినా విమానం ఎడమకే ఒరిగిపోతున్నదనుకోండి. తప్పు విమానంలో ఉన్నదా, జాయ్‌స్టిక్కులో ఉన్నదా, కంప్యూటరులో ఉన్నదా? అన్నిటినీ ఒక్కసారే పీకి మార్చితే, ఒకవేళ బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మొదట మరొక విమానం ఎక్కి చూడండి. అదీ ఒరిగితే తప్పు విమానంలో లేదు. తరవాత జాయ్‌స్టిక్కు తీగను మరొక రంధ్రంలో పెట్టండి. అయినా ఒరిగితే, ఆ జాయ్‌స్టిక్కును స్నేహితుడి కంప్యూటరుకు తగిలించండి. అక్కడా ఎడమకే లాగితే దొంగ దొరికినట్టే. జాయ్‌స్టిక్కు లోపల పిడితోపాటు జరిగే చిన్న లోహపు నాలుక ఒకటి ఉంటుంది. చాలా రకాలలో అది ఒక పట్టీమీద రాసుకుంటూ, పిడి ఎక్కడ ఉన్నదీ చెబుతుంది. పట్టీ అరిగినా, దుమ్ము పట్టినా, మధ్యలో ఉన్న పిడిని పక్కన ఉన్నట్టు చెబుతుంది. కొత్తరకాలలో రాపిడి లేకుండా అయస్కాంతంతో పనిచేసేవి కూడా ఉన్నాయి. అవి అంత త్వరగా అరగవు.

ఆట మొదలుపెట్టిన పదిహేను నిమిషాలకు కంప్యూటరు దానంతట అదే ఆగిపోతున్నదనుకోండి. మొదట బాగుండి, కొంతసేపటికి ఆగడమే ఒక ఆనవాలు. బహుశా అది వేడెక్కుతున్నది. యుద్ధ సిమ్యులేటరులో లెక్కలు ఎక్కువ గనక వేడీ ఎక్కువే. లోపలి పంకాకు దుమ్ము పట్టితే వేడి బయటికి పోదు. మరీ వేడెక్కితే కాలిపోకుండా కంప్యూటరు తనను తానే ఆపుకుంటుంది. కరెంటు తీగ పూర్తిగా తీసేసి, పెద్దవాళ్ళ సాయంతో దుమ్ము దులిపి చూడాలి. ఆటలోంచి కాక, ఉత్తరం రాస్తున్నప్పుడు కూడా ఆగిపోతుంటే తప్పు మరెక్కడో ఉన్నది.

వైమానికులకు ఇంకొక మంచి అలవాటు ఉన్నది. ప్రయాణం పూర్తికాగానే, కనపడిన లోపాలన్నీ విమానంతోపాటు ఉండే పుస్తకంలో రాస్తారు. దాన్ని చదివి మెకానిక్కులు మరమ్మతు చేస్తారు. మీరూ ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. అందులో ‘జాయ్‌స్టిక్కు బాగాలేదు’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘పిడి వదిలితే ఎడమకు లాగుతున్నది, మూడు విమానాలలోనూ ఇంతే, తీగ రంధ్రం మార్చినా ఇంతే’ అని రాస్తే, మరమ్మతు చేసేవాడి పని సగం మీరే చేసిపెట్టినవాళ్ళవుతారు.